గురుగ్రహాన్ని తూచే లెక్క
డిగ్రీ ఫస్టియర్‌లో కెప్లర్ మూడో నియమం (చుట్టు తిరిగే కాలం వర్గం, దూరం ఘనానికి అనుపాతంలో ఉంటుందనేది) రాగానే చాలామంది బట్టీ పట్టేసి వదిలేస్తారు, నాకు అది చూస్తే బాధేస్తుంది. ఒక్కసారి గురుగ్రహం మీద వేసి చూడండి. దాని ఉపగ్రహం అయో 4.22 లక్షల కిలోమీటర్ల దూరంలో సుమారు 42.5 గంటలకో చుట్టు తిరుగుతుంది. గురుత్వాకర్షణను అభికేంద్ర బలంతో (గుండ్రంగా తిరిగేలా కేంద్రం వైపు లాగే బలం) సమానం చేస్తే అయో ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టుకుపోయి, గురుడిది ఒక్కటే మిగులుతుంది. గంటల్ని సెకన్లలోకి, కిలోమీటర్లను మీటర్లలోకి మార్చడం మర్చిపోవద్దు, మార్కులు పోయేది అక్కడే. దాదాపు 1.9×10²⁷ కిలోలు వస్తుంది, అంటే భూమికి 318 రెట్లు! మరో ఉపగ్రహం గనిమీడ్‌తో (10.7 లక్షల కిలోమీటర్లు, 7.15 రోజులు) చేసినా అదే జవాబు. 1610లో గెలీలియో చూసిన ఈ ఉపగ్రహాలు, చెయ్యి కదలకుండా గోడకి ఆనించి పట్టుకుంటే, మామూలు బైనాక్యులర్‌కి కూడా దొరుకుతాయి.