లండన్ బరో ఆరోగ్య నివేదికలు: పట్టికలు ఎక్కించుకున్న తీరు, నా అనుభవం

రెండు ప్రపంచయుద్ధాల నడుమ లండన్‌లో 28 మెట్రోపాలిటన్ బరోలు, అంటే స్థానిక పాలనా విభాగాలు. ఒక్కోదానికి ఒక మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్, ఆయన కింద శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, ఏటా అచ్చయ్యే ఒక నివేదిక. 1921 నుంచి 1938 దాకా ఒకే బరో నివేదికలు వరసగా పెట్టుకుని పట్టికలు ఎక్కించుకున్నాను.

ఇంటి లోపాలు సరిచేయమని యజమానులకిచ్చే నోటీసులు పెరిగాయంటే ఇళ్లు పాడయ్యాయని కాదు, ఇన్‌స్పెక్టర్లు ఎక్కువ తిరిగారని కావచ్చు. అందుకే ముందు సిబ్బంది పేజీ, తర్వాతే నోటీసుల పట్టిక. 1891 నాటి లండన్ ప్రజారోగ్య చట్టం ప్రకారం మొదట ఇంటిమేషన్ నోటీసు వెళ్తుంది. యజమాని కదలకపోతే చట్టబద్ధమైన నోటీసు, అప్పటికీ కాకపోతే కోర్టు సమను. ఒకే ఇంటి లోపం రెండు నోటీసుల వరసల్లోనూ పడుతుంది కాబట్టి ఆ రెండూ కూడకూడదు.

డ్రెయిన్ల పట్టికలో ఏ పరీక్ష చేశారో చూడండి. గొట్టంలోకి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడటం ఒకటి. కింది మూతి బిగించి నీళ్లు నింపి మట్టం తగ్గుతుందేమో చూడటం ఇంకొకటి. రెండోది చాలా కఠినం, పొగకు నిలిచిన పాత గొట్టం నీళ్లకు నిలవకపోవచ్చు. నాలుగైదు ఇళ్లకు కలిపి ఒకే గొట్టం ఉంటే పాత అనుమతి పత్రం వెతకాలి. అది దొరికితే మరమ్మతు ఖర్చు యజమానులది. దొరకకపోతే ఆ గొట్టం చట్టం దృష్టిలో మురుగు కాలువే, ఖర్చు బరో నెత్తిన పడుతుంది.

మరణాల రేటు దగ్గర, మరణాలను జనాభాతో భాగించిన తీరు మీద అనుమానం ఉండాలి. 1921 జనగణన ఏప్రిల్ నుంచి వాయిదా పడి జూన్ 19న జరిగింది. అది సెలవులకు జనం సముద్రతీరాలకు వెళ్లే కాలం. 1931 లెక్కలు వచ్చాక మధ్య ఏళ్ల జనాభా అంచనాలు సవరించారు. పాత నివేదికలో అచ్చయిన రేటును అలాగే ఎత్తి రాయకుండా, మరణాల సంఖ్య తీసుకుని మళ్లీ భాగించుకున్నాను. ఆసుపత్రిలో పోయినవాళ్లను వాళ్లు కాపురమున్న బరోకి బదిలీ చేసిన తర్వాతి అంకె ఏదో కూడా చూసుకోవాలి.

పాల పట్టిక మన పాలకేంద్రం చూసినవాళ్లకు సులువే. అదే ఫ్యాట్ (వెన్న), అదే ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు). అక్కడి హద్దులు 3 శాతం, 8.5 శాతం. మన గేదెపాలతో పోలిస్తే ఆ ఫ్యాట్ ఏ మూలకూ రాదు, కానీ అవి ఆవుపాలు. ఫ్యాట్ 2.7 వస్తే వెన్నలో పదోవంతు తగ్గిందని రాస్తారు. ఎస్ఎన్ఎఫ్ 7.65 వస్తే పదిశాతం నీళ్లు కలిపారని. అయితే అది అనుమానమే. ఆవు ఇచ్చిందే అంత అని రుజువు చేస్తే వర్తకుడు బయటపడవచ్చు. కోర్టుకు పనికొచ్చే నమూనాను మూడు భాగాలు చేసి సీలు వేస్తారు: ఒకటి అమ్మినవాడికి, ఒకటి విశ్లేషకుడికి, ఒకటి ఇన్‌స్పెక్టర్ దగ్గర. తనిఖీకని చెప్పకుండా మామూలుగా కొన్న నమూనాల మీద కేసు నడవదు. ఆ రెండు రకాలనూ కలిపి కల్తీ శాతం తీస్తే అది దేనికీ చెందని అంకె.

నాకు ఎక్కువ సమయం పట్టింది 1935 గృహచట్టం తర్వాతి ఇరుకు లెక్క, అంటే ఒక ఇంట్లో ఎంతమంది ఉండొచ్చన్నది. రెండు కొలతలున్నాయి, ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది. గదుల లెక్కన ఒక గదికి 2 మంది, రెంటికి 3, మూడింటికి 5, నాలుగింటికి 7½, అయిదింటికి 10. వైశాల్యం లెక్కన 110 చదరపు అడుగులు, ఆపైన ఉన్న గదికి 2, 90 నుంచి 110 లోపు 1½, 70 నుంచి 90 లోపు 1, 50 నుంచి 70 లోపు ½. 50 లోపుది అసలు గదే కాదు. ఏడాది నిండని బిడ్డ లెక్కలోకి రాదు, పదేళ్ల లోపు పిల్లలు అర.

భార్యాభర్తలు, 12, 8, 4 ఏళ్ల పిల్లలు, ఆరు నెలల పాప ఉన్నారనుకుందాం. మొత్తం 4. ఇంట్లో 115, 85, 48 అడుగుల మూడు గదులు. చూపుకి మూడైనా లెక్కకి రెండే, అనుమతి 3, కాబట్టి ఇరుకే. ఆ చిన్నగది ఇంకో రెండడుగులు పెద్దదైతే? గదుల లెక్క 5కి పెరుగుతుంది, వైశాల్యం మాత్రం 3½ దగ్గరే ఆగిపోతుంది. అప్పటికీ ఇరుకే. పైగా కూర్చునే గదినీ పడకగదిగానే లెక్కేశారు. నా దృష్టిలో చాలా ఉదారమైన కొలత, యజమానుల పట్ల.

స్కాన్ ప్రతుల నుంచి అంకెలు ఎక్కించేటప్పుడు ఈ ½ గుర్తులే ముంచుతాయి. 7½ కాస్తా 74 అవుతుంది. ప్రతి వరస మొత్తం చేతితో కూడి సరిచూసుకున్నాను. 1931 జనగణనలో ఇరుకంటే గదికి ఇద్దరికి మించడం. కనుక 1935 చట్టం కొలతతో వేసిన 1936 పట్టికను దాని పక్కన ఒకే గీతగా గీయకండి, రెండు వేరు గ్రాఫులు వేయండి.