నెల్లూరు ఇళ్లలో ఆర్కిడ్లకు వెలుతురు: ఏ నెలలో ఏ కిటికీ

ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి, రెండేళ్లయినా పువ్వు మాత్రం లేదు. ఇంట్లో ఆర్కిడ్ పెట్టుకున్నవాళ్ల దగ్గర తరచుగా వినిపించే మాట ఇది. అసలు ఇబ్బంది ఆ ముదురు రంగులోనే ఉంది. వెలుతురు చాలనప్పుడు మొక్క ఆకులో పచ్చదనం పెంచుకుని, దొరికిన కాస్త వెలుగునీ పట్టుకోవాలని చూస్తుంది. బతుకుతుంది గానీ పూయదు. వెలుతురు సరిపోయిన ఆకు లేత అరిటాకు రంగులో, కొద్దిగా పసుపు కలిసినట్టు ఉంటుంది. అంచున లేత ఊదా జీర కనబడితే మొక్క తట్టుకోగల హద్దు దగ్గర పడిందని అర్థం.

మన కంటిని నమ్ముకుంటే ఇక్కడ మోసపోతాం. రాత్రిపూట ట్యూబ్‌లైటు వేసిన హాలు మనకి పట్టపగల్లా అనిపిస్తుంది గానీ, అక్కడ ఉండేది మహా అయితే రెండు మూడు వందల లక్స్ (వెలుతురుని కొలిచే కొలత). ఆర్కిడ్లలో ఫెలనాప్సిస్ అనే రకానికి కావాల్సింది 10 నుంచి 15 వేలు. డెండ్రోబియం, కాట్లియా రకాలకి 20 నుంచి 30 వేలు, వాండా రకానికి ఇంకా ఎక్కువ. ఆరుబయట మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. అందుకే వాండాని గదిలో పెట్టే ఆలోచనే వద్దు. డెండ్రోబియాన్ని బాల్కనీలో సగం ఎండని ఆపే 50 శాతం షేడ్‌నెట్ కింద, ఏప్రిల్, మే నెలల్లో 75 శాతం నెట్ కింద పెట్టండి. గదిలో పెంచడానికి నిజంగా పనికొచ్చేది ఫెలనాప్సిస్.

కొలవడానికి ఫోనులో లక్స్ మీటర్ యాప్ చాలు. ఫోను తెరని ఆకు ఉన్నచోటే, వెలుతురు వచ్చే వైపుకి తిప్పి పట్టుకోవాలి. అంకె అటూ ఇటుగా ఉన్నా రెండు చోట్లకి తేడా తెలిసిపోతుంది. కిటికీకి అడుగు దూరంలో 8 వేలు చూపించే గదిలో నాలుగడుగులు వెనక్కి వస్తే వెయ్యో, పదిహేను వందలో చూపించవచ్చు. యాప్ లేకపోతే మధ్యాహ్నం ఆకు మీద తెల్ల కాగితం పెట్టి, దానికి అడుగు ఎత్తున చెయ్యి చాపండి. నీడ అంచులు చెదిరినట్టున్నా వేళ్లు విడివిడిగా తెలుస్తుంటే ఫెలనాప్సిస్‌కి బాగున్నట్టు. కత్తితో కోసినట్టు నల్లటి నీడ పడితే ఎక్కువ. నీడే పడకపోతే అక్కడ పువ్వు మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక కిటికీ సంగతి. "దక్షిణపు కిటికీ మంచిది" అనే సలహా చలిదేశాల నుంచి వచ్చింది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదంతా దక్షిణానే ఉంటాడు. నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఒంగోలు 15.5 మీద. మన దగ్గర ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు. ఆ నెలల్లో దక్షిణపు కిటికీలోకి నేరుగా ఎండ రాదు, ఉత్తరపు కిటికీలోకి పొద్దునా సాయంత్రం ఏటవాలుగా వస్తుంది. డిసెంబరులో ఇది తిరగబడుతుంది. మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి, సజ్జ కింది నుంచి ఎండ గదిలోకి దూసుకొస్తుంది. జూన్‌లో చల్లగా ఉన్న దక్షిణపు గట్టు మీదే జనవరిలో ఆకు మాడిపోవడానికి కారణం ఇదే. డిసెంబరు, జనవరి నెలల్లో పాత తెల్ల పంచె ఒక పొర అడ్డం కట్టినా సరిపోతుంది.

ఏడాదంతా కదపకుండా ఉంచాలంటే తూర్పు కిటికీని మించింది లేదు. ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా వచ్చే నీరెండ ఫెలనాప్సిస్‌కి హాయి. వేసవిలో ఎనిమిదికే ఎండ చురుక్కుమంటుంది కాబట్టి అప్పుడు అడుగు వెనక్కి జరపండి. పడమటి కిటికీని మార్చి నుంచి జూన్ దాకా, ముఖ్యంగా రోహిణి కార్తెలో, పూర్తిగా వదిలేయాలి.

ఆకు మాడడం వెలుతురు ఒక్కదాని వల్లే కాదు, వేడి కూడా కారణమే. ఫెలనాప్సిస్ తన ఆకు రంధ్రాల్ని పగలు మూసుకుని రాత్రి తెరుస్తుంది. పగటిపూట నీటిని ఆవిరి చేసి తనని తాను చల్లబరుచుకునే వీలు దానికి లేదు. మూసిన అద్దం వెనక, గాలాడని చోట ఎండ తగిలితే గంటలోనే ఆకు ఉడికినట్టవుతుంది. మధ్యాహ్నం ఆకుని వేళ్లతో పట్టుకు చూడండి. చుట్టూ గాలి కన్నా వెచ్చగా తగిలితే వెంటనే జరపండి, ఫ్యాను వేయండి. మాడిన మచ్చ ముందు తెల్లబడి, తర్వాత గోధుమరంగులో అట్టలా ఎండి అక్కడితో ఆగుతుంది. దాన్ని కోయక్కర్లేదు. మెత్తగా, తడిగా, రోజురోజుకీ పాకుతుంటే మాత్రం అది కుళ్లు, శుభ్రమైన బ్లేడుతో కోసేయాలి.

నీడలో ఉన్న మొక్కని ఒక్కసారిగా వెలుతురులోకి తేవద్దు. రెండు వారాలు పట్టించి, కొంచెం కొంచెంగా కిటికీ దగ్గరికి జరపండి. అద్దాల మీద సన్‌ఫిల్మ్, దోమల జాలీ, జాలీకి పట్టిన దుమ్ము, ఇవన్నీ వెలుతురుని తినేస్తాయి. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము ఆకుల మీద కూడా పొరలా పేరుకుంటుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. మెరుపు కోసం నూనె రాయొద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ముసురు. వరసగా మబ్బు పట్టిన రోజుల్లో, లేదా కిటికీ చాలని ఇళ్లలో, లైట్లు పెట్టాల్సిందే. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న అల్మరా అరకి 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ ట్యూబులు రెండు, అరచేయంత ఎడంగా బిగించండి. ఆకుకీ ట్యూబుకీ మధ్య 20 నుంచి 25 సెంటీమీటర్లు ఉండాలి. అరకి వెనకా పక్కలా తెల్ల షీటు పెడితే వెలుతురు వృథా పోదు. ఊదారంగు గ్రోలైట్లు అక్కర్లేదు. వాటి కింద ఆకు అసలు రంగే కనబడదు. టైమర్ పెట్టి 12 నుంచి 14 గంటలు వెలిగిస్తే రోజుకి అర యూనిట్ కాలుతుంది. రాత్రంతా మాత్రం ఉంచొద్దు, ఆకు రంధ్రాలు తెరుచుకోవడానికి చీకటి కావాలి.

డిసెంబరు, జనవరి రాత్రులు చల్లబడ్డాక, ఆకుల సందులోంచి పచ్చటి మొన ఒకటి పక్కకి పొడుచుకొస్తుంది. కొస గుండ్రంగా ఉంటే అది వేరు. కాస్త చదునుగా, బొటనవేలు ఒక్కటే విడిగా ఉన్న చేతొడుగులా కనబడితే పూలకాడ. అంతవరకూ వారానికోసారి కుండీని పావువంతు తిప్పుతుంటే ఆకులు ఒక పక్కకే వాలవు. కాడ కనబడిన రోజు నుంచి ఇక తిప్పొద్దు. మొగ్గలు వెలుతురు వైపు తిరుగుతాయి. మధ్యలో కుండీ తిప్పితే కాడ మెలికపడి, పూలు తలా ఒక దిక్కు చూస్తాయి. వెలుతురు వైపుకి ఒక చిన్న గీత కుండీ మీద గీసి పెట్టుకోండి. నీళ్లు పోయడానికి తీసినా మళ్లీ అదే ముఖంగా పెట్టొచ్చు.