ఆకు పొర ఊడదీయడం: మూడు వారాల పని

మొదటి వారం మొత్తం పొర సరిగ్గా ఊడదీయడానికే పోయింది. బ్లేడుతో గీసి పట్టకారుతో లాగితే లోపలి పచ్చ కణజాలం కూడా అంటుకొచ్చేది. మైక్రోస్కోపులో అంతా ముదురు ముద్దలా కనిపించేది. చాలా ఆకుల్లో బాహ్యచర్మం, అంటే ఆకును కప్పే బయటి పొర, ఒకే వరస కణాల మందం. ఆ ఒక్క వరసే రావాలి.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. రియో అనే అలంకార మొక్క ఆకు తీసుకుని, ఊదారంగులో ఉండే అడుగువైపు లోపలికి వచ్చేలా మడిచి, ఏటవాలుగా ఒక్క లాగున చించాలి. చిరిగిన అంచున పల్చటి ఊదా పొర వేలాడుతుంది. వెంటనే నీటిచుక్కలో వేయాలి, ఆరితే ముడుచుకుపోతుంది. పొర పైన మైనంలాంటి అవభాసిని ఉంటుంది కాబట్టి నీళ్ళు తొందరగా అంటవు, గాలి బుడగలు చిక్కుకుంటాయి. కవర్ స్లిప్‌ని ఒక అంచు ఆనించి మెల్లగా వాలిస్తే ఆ బాధ చాలావరకు తగ్గింది.

పన్నెండో రోజు 100 రెట్లలో తేనెపట్టు గదుల్లా కణాలు కనిపించాయి. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు! 400 రెట్లకు మార్చాను. ఊదా గదుల మధ్య అక్కడక్కడా జంట పెదవుల్లా, పత్రరంధ్రానికి (ఆకు మీది సన్నని రంధ్రం) రెండువైపులా ఉండే రక్షక కణాలు, వాటిలో పచ్చటి హరితరేణువులు. మిగతా కణాల్లో ఆ పచ్చదనం కనిపించలేదు.

తర్వాత 100 మి.లీ. నీళ్ళలో 3 గ్రాముల ఉప్పు కలిపి, ఒక చుక్క కవర్ స్లిప్ అంచున వేసి, అవతలి అంచున బ్లాటింగ్ పేపర్ ఆనించాను. కాసేపటికి కణాల్లోని రంగు వాటి గోడలను వదిలి లోపలికి ముడుచుకుంది. గోడలు మాత్రం అలాగే ఉన్నాయి. మంచినీళ్ళు పంపితే రంగు మళ్ళీ గోడల దాకా నిండింది. ఇంకో పొరను మరిగే నీళ్ళలో ముంచి చూస్తే రంగంతా బయటికి కారిపోయింది. అంటే అంతకుముందు నేను చూసింది బతికున్న కణాలనే. రక్షక కణాల కిటుకూ ఈ నీళ్ళ రాకపోకలే. నీళ్ళు నిండి ఉబ్బితే పత్రరంధ్రం తెరుచుకుంటుంది, వదులైతే మూసుకుంటుంది.

ఈ వారం కలువ ఆకు. నీళ్ళ మీద తేలే ఆకుకు రంధ్రాలు పైవైపున ఉంటాయి. నెయిల్ పాలిష్ పల్చగా పూసి, ఆరాక టేపుతో ఎత్తితే పైవైపు అచ్చు చక్కగా వచ్చింది. అడుగువైపు పూసింది ఇంకా ఆరుతోంది.