మా డాక్టరు గారు

మా డాక్టరు గారి ఖననంలో పార తిరగేసి పట్టుకోమన్నారు. యూదుల ఖననంలో మొదటి మట్టి పార వెనకవైపుతో వేస్తారట, ఈ పనికి ఎవరికీ తొందర లేదని చూపడానికి. వేశాక పార చేతికివ్వరు, మట్టిలో గుచ్చి వదిలేస్తారు. తర్వాతి మనిషి తనే తీసుకోవాలి. కొడుకు, కూతుళ్లు, మనవలు వేశారు. ఆ తర్వాత మాలాంటి పేషెంట్లం.

పూలు లేవు. మామూలు చెక్కపెట్టె. ఉన్నవాళ్లకైనా లేనివాళ్లకైనా అలాంటిదే ఉండాలంటారట. నాకది చాలా నచ్చింది.

శుక్రవారం పొద్దుగూకితే ఆయనకు సబ్బాతు, అంటే యూదుల వారపు విశ్రాంతి రోజు, మొదలు. కొవ్వొత్తులు, అందరూ కలిసి భోజనం, పిల్లల తలమీద చెయ్యిపెట్టి దీవెన. ఆ పూట ఇంటివాళ్లదే, అపాయింట్‌మెంట్లు ఉండవు. కానీ అమ్మకు ఊపిరాడని ఒక శుక్రవారం రాత్రి ఆయనే ఫోనెత్తారు. ఆసుపత్రికీ వచ్చారు. మేం నొచ్చుకుంటుంటే, ప్రాణం కాపాడాల్సి వస్తే సబ్బాతును పక్కనపెట్టమనే మా ధర్మం చెబుతుంది అన్నారు.

గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చిన అమ్మకు ఇంగ్లిష్ రాదు. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా ఆమె ముఖమే చూసేవారు. ఆ తర్వాతే నావైపు తిరిగి, ఏమన్నారు అని అడిగేవారు. అలా వినే డాక్టర్ని ఇంకొకర్ని చూడలేదు నేను.

వాళ్లింట్లో ఇప్పుడు ఏడు రోజుల షివా, అంటే యూదుల సంతాప దినాలు. రేపు వెళ్తున్నాం. అమ్మ పులిహోర చేస్తానంది కానీ, కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు, పాటించే ఇల్లు కదా, పళ్లు తీసుకెళ్తున్నాం. భాష రాకపోయినా ఫర్వాలేదు, డాక్టరు గారి భార్య పక్కన కాసేపు కూర్చుంటానంటోంది.