ఇండియానాపొలిస్‌లో వయొలిన్లు లేని బార్బర్

షికాగో నుంచి ఇండియానాపొలిస్‌కి కారులో మూడు గంటలే, కాకపోతే దారిలో టైమ్ జోన్ మారి ఒక గంట ఊరికే పోతుంది. ఆ లెక్క ముందే వేసుకుని అన్నయ్య పొద్దున్నే బయల్దేరదీశాడు. ఐ-65 పొడవునా మొక్కజొన్న చేలు, ఒకచోట గాలిమరలు, అంతే. 2013 ఆగస్టులో జరిగిన డ్రమ్ కోర్ ఫైనల్స్ కోసం ఈ ప్రయాణం. డ్రమ్ కోర్ అంటే మైదానంలో కవాతు చేస్తూ వాయించే బృందం. అన్నయ్య కొడుకు హైస్కూల్ బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు, వాడి పట్టు మీదే టికెట్లు కొన్నారు.

అప్పట్లో ఒక్కో కోర్‌లో 150 మంది దాకా, అందరూ 22 ఏళ్లలోపు పిల్లలే. ఇత్తడి వాద్యాలు, డ్రమ్స్, ముందు వరుసలో మరింబాలు (చెక్క పలకల మీద కొట్టి వాయించేవి), జెండాలు తిప్పే జట్టు ఉంటాయి. వయొలిన్, ఫ్లూట్, క్లారినెట్ కనబడవు. ఫీజు వాళ్లే కట్టుకుని, వేసవంతా బస్సుల్లో తిరుగుతూ, స్కూలు జిమ్ముల్లో నేలమీద పడుకుని, పన్నెండు నిమిషాలు కూడా ఉండని ఒకే ఒక్క షోని రోజంతా ఎండలో సాధన చేస్తారు.

లూకస్ ఆయిల్ స్టేడియంలో ప్రతిధ్వని ఎక్కువ, కొన్నిచోట్ల డ్రమ్ముల దెబ్బ ముద్దయిపోయింది. అయినా ది క్యాడెట్స్ మైదానంలోకి రాగానే నేను ముందుకి వంగి కూర్చున్నాను. 1934లో న్యూజెర్సీలో మొదలైన ఈ కోర్ ఆ ఏడాది షో అంతా అమెరికన్ స్వరకర్త శామ్యూల్ బార్బర్ సంగీతంతోనే కట్టింది. బార్బర్ అంటే నా చెవికి వయొలిన్ల మెత్తదనమే, ఇక్కడ అదే మనిషి పదునుగా, కొంచెం కోపంగా కూడా వినిపించాడు, నాకు అదే నచ్చింది.

తర్వాత కరోలినా క్రౌన్ అనే కోర్, ఇంకో అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ సంగీతం. నిజం చెప్పాలంటే గ్లాస్‌ని ఇంట్లో వింటే నాకు పది నిమిషాల్లో ఆవలింతలొస్తాయి. ఇక్కడ ఆ పిల్లలు పరుగెడుతూ, ఊపిరి అందనంత వేగంగా స్వరాలు వాయిస్తూ, మధ్యలో వన్ టూ త్రీ ఫోర్ అంటూ అంకెలు గట్టిగా పలికారు. గ్లాస్ 1976 నాటి ఆపెరా ఐన్‌స్టీన్ ఆన్ ది బీచ్‌లో గాయకులు పాడే లెక్క అది. నాలుగు, ఆపైన ఆరు, ఆపైన ఎనిమిది అలా పెరుగుతుంటే మృదంగం క్లాసులో తకిట, తకధిమి గుర్తుకు రావడం వింతేమీ కాదు, 1960లలో ప్యారిస్‌లో రవిశంకర్ సంగీతాన్ని స్వరలిపిలో రాసిపెడుతూనే గ్లాస్ ఈ పద్ధతి పట్టుకున్నాడు.

“బాబాయ్, ఇదే గెలుస్తుంది చూడు” అన్నాడు మావాడు. వందకి 98.30 మార్కులతో క్రౌన్‌కి మొదటి ప్రపంచ టైటిల్ వచ్చింది, వాడి అరుపులకి నా చెవి పోయింది.

వెళ్లాలనుకునేవాళ్లు మధ్యాహ్నానికే చేరండి, కోర్‌లు వార్మప్ చేసేచోట డ్రమ్ముల పక్కనే నిలబడి వినొచ్చు. సీటు మాత్రం పై అంతస్తులోనే తీసుకోండి, వాళ్లు నడుస్తూ మైదానంలో కట్టే ఆకారాలు కిందనుంచి అర్థం కావు.