అచ్చు పగలగొట్టేది నాలుగు గంటలకి

మన పూర్వ విద్యార్థుల సంచికలో తెలుగుకి ఇచ్చినవి నాలుగు పేజీలు. గురువుల గురించీ హాస్టల్ పప్పు గురించీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు కాబట్టి నేను ఓపెన్ హౌస్ గురించి రాస్తాను. చలికాలంలో ఒక శని, ఆదివారాలు ఒడిశాలోని మన ఖల్లికోట ఆర్ట్ కాలేజీ గేటు బార్లా తీసి, ఎవరైనా లోపలికి రావచ్చని చెప్పే ఆ రెండు రోజుల గురించి. ముఖ్య అతిథులుగా ఎవరెవరొచ్చారో, ఏం మాట్లాడారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. వచ్చిన జనం మాత్రం ఇంకా కళ్ళ ముందే ఉన్నారు.

బరంపురం వాళ్ళు ప్యాసింజర్ ఎక్కి ఖల్లికోట స్టేషన్‌లో దిగేవాళ్ళు. అక్కణ్ణుంచి జీపులాంటి ట్రెక్కర్‌కి వేలాడుతూ ఊళ్ళోకి. గోపాల్‌పూర్ నుంచి, చికిటి నుంచి, పర్లాకిమిడి నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఈ ప్రాంతం, అంటే గంజాం, 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నదే కదా. ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడ్డాక కూడా బరంపురం దేవాంగుల వీధుల్లో మగ్గాలూ, గోపాల్‌పూర్ ఒడ్డున నోలియా జాలర్ల పడవలూ, ఆ ఇళ్ళలో తెలుగూ అలాగే ఉండిపోయాయి. అందుకని ప్రతి బ్యాచ్‌లోనూ నలుగురైదుగురు తెలుగు పిల్లలం ఉండేవాళ్ళం. మా చదువు మీద మా ఇళ్ళలో అందరికీ ఒకటే అనుమానం, బొమ్మలేసుకుంటే అన్నం ఎవడు పెడతాడని. మా అమ్మానాన్నలు ఓపెన్ హౌస్‌కి వచ్చేది సరదాకి కాదు, తనిఖీకి.

నాది కమర్షియల్ ఆర్ట్. బోర్డులు రాసే పని నా మెడకి పడేది, పైన ఒడియా, కింద తెలుగు. ఏ బోర్డూ రెండు వరుసలు దాటకూడదని మా సార్ షరతు. చదవాలనుకున్నవాడు లైబ్రరీకి వెళ్తాడు, ఇక్కడికొచ్చేవాడు చూడ్డానికొస్తాడు అనేవారు. ఇప్పుడు గోడంత ఫ్లెక్సుల మీద చీమల బారులా అక్షరాలు కుక్కుతున్న వాళ్ళని చూస్తే ఆయన గుర్తొస్తారు. నా బోర్డులన్నిట్లోకీ జనం నిలబడి చదివింది ఒక్కటే: "అచ్చు పగలగొట్టేది నాలుగు గంటలకి."

దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు పెయింటింగ్ గది. నిజం చెప్పాలంటే ఆ గదిలోంచి జనం బస్టాండులో నడిచినట్టు నడిచి వెళ్ళిపోయేవాళ్ళు. పోర్ట్రెయిట్ల దగ్గర పోలిక కుదిరిందా లేదా అని ఒక క్షణం ఆగేవాళ్ళు, అబ్‌స్ట్రాక్ట్‌ల దగ్గర అదీ లేదు. అయితే ఒక ఏడాది మా క్లాస్‌మేట్ గోపాల్‌పూర్ సముద్రం వేశాడు. ఒడ్డు మీద పెద్ద పడవ, దాని పక్కన వల విప్పుకుంటున్న మనుషులు. రంగులు బాగా కుదిరాయని సార్లంతా మెచ్చుకున్నారు. ఆదివారం పొద్దున ఒక నోలియా పెద్దాయన, లుంగీ మీద కొత్త చొక్కా వేసుకుని, మనవణ్ణి ఎత్తుకుని వచ్చి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఏటి బాబూ, ఈ పడవకి మేకులు కొట్టేరేటి?" అన్నాడు.

వాడు పలకల అతుకుల దగ్గర చిన్న చిన్న నల్ల చుక్కలు పెట్టాడు. మేం ఎవరం వాటిని పట్టించుకోలేదు.

"మా పడవలకి మేకులుండవు. కొబ్బరి తాడుతో కుడతాం. ఒడ్డున కెరటం కొట్టినప్పుడు పలక ఒంగాల. మేకు కొడితే ఒంగదు, ఇరిగిపోద్ది."

పెద్దాయన వేలితో గాలిలోనే కుట్టు ఎలా వెళ్తుందో చూపించాడు. రెండు పలకల అంచులకీ వరసగా బెజ్జాలు, అతుకు పొడుగునా లోపల పీచు, దాన్ని అదిమిపట్టి అటూ ఇటూ తాడు. మావాడు స్కెచ్‌బుక్ తెచ్చి ఆయన చేతికే ఇచ్చాడు. ఆయన పెన్సిల్ పట్టుకోవడం కూడా తెడ్డు పట్టినట్టే, కానీ గీసిన ముడి మాత్రం తిరుగులేనిది. ఆ స్కెచ్‌బుక్ మావాడి దగ్గర ఇప్పటికీ ఉంది. పడవ బొమ్మ ఏమైందో వాడికే తెలీదు.

ఇక వరండా. మా సీనియర్ ఒకాయన ఫైనల్ ఇయర్ పనికి దశావతార గంజపా చేశాడు. గుండ్రటి పేకముక్కలు, అవతారానికి పన్నెండు చొప్పున 120. పాత నూలు గుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, గుండ్రంగా కత్తిరించి, బొమ్మలేసి, పైన లక్క పట్టించాడు. వాటిని బల్ల మీద వరసగా పేర్చి "ముట్టుకోరాదు" అని నా చేత బోర్డు రాయించుకున్నాడు. భోజనానికి వెళ్ళి వచ్చేసరికి చికిటి వైపు ముసలాళ్ళు వరండాలో చాప పరుచుకుని ఆట మొదలెట్టేశారు. సోమవారం మార్కులు వేయాల్సిన ముక్కలు అవి! ఆయనకి టెన్షన్‌తో చెమటలు పట్టాయి. ఆపమని అడిగే ధైర్యం లేదు, అందరూ తాతల వయసువాళ్ళు.

ఆట పూర్తి చేసి, ముక్కలు లెక్కపెట్టి మరీ అప్పజెప్పారు. తీర్పు కూడా చెప్పారు. లక్క నున్నగా ఉంది, ముక్క చేతిలో బాగా జారుతోంది. కానీ తొమ్మిదికీ పదికీ తేడా తెలియడం లేదు, చుక్కలు మరీ ఇరుగ్గా పెట్టావు బాబూ, దీపం వెలుగులో ఆడేవాడికి కళ్ళు పోతాయి. పరీక్షకొచ్చిన బయటి ఎగ్జామినర్ రంగుల పొందిక గురించీ సంప్రదాయం గురించీ ఏదేదో మాట్లాడాడు గానీ తొమ్మిదీ పదీ మాటే ఎత్తలేదు. ఆడి చూసినవాడు కాదు కదా!

నాలుగవుతుంటే అందరూ శిల్ప విభాగం పెరట్లోకి చేరేవాళ్ళు. చూడనివాళ్ళ కోసం ఆ పని కాస్త వివరంగా చెప్పాలి. బంకమట్టితో తల చేస్తారు. చెవుల వెనకనుంచి నడినెత్తి మీదుగా సన్నటి రేకు ముక్కలు గుచ్చి, తలని ముందు సగం, వెనక సగంగా విడదీస్తారు. తర్వాత ప్లాస్టర్ ఆఫ్ పారిస్. మొదటి పూతలో బట్టలకి పెట్టే నీలిమందు కలిపి, వేళ్ళతో చిమ్ముతూ పలచగా వేస్తారు. దాని మీద తెల్లగా, మందంగా, పీచు కలిపి ఇంకో పూత. గట్టిపడ్డాక రెండు సగాల్నీ విప్పి మట్టి తోడేసి, కడిగి, లోపల సబ్బునీళ్ళు రాస్తారు. మళ్ళీ కలిపి కట్టి, లోపల ప్లాస్టర్ పోస్తారు. ఇదంతా శనివారమే జనం ముందు జరిగిపోయేది. ప్లాస్టర్ బిగుసుకునేటప్పుడు వేడెక్కుతుంది. చెయ్యి పెట్టి చూడమంటే చంటిదానికి జ్వరమొచ్చిందేమో చూసినట్టు అరచేయి ఆనించి చూసేవాళ్ళు ఆడవాళ్ళు.

ఆదివారం నాలుగింటికి ఉలీ సుత్తీ. మొద్దు ఉలితో పై అచ్చుని పెచ్చులు పెచ్చులుగా రాలగొట్టాలి. తెల్లపొర ఉన్నంతసేపూ ధీమాగా కొట్టొచ్చు. నీలం కనబడిందంటే చెయ్యి నెమ్మదించాలి, ఆ పొర కిందే మొహం ఉంది. ఒక ఏడాది మోడల్ గేటు ముందు టీకొట్టాయన, మేమంతా మౌసా (బాబాయ్) అని పిలిచేవాళ్ళం. కొట్టు కట్టేసి ఆయనా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ముందు నుదురు బయటపడింది, తర్వాత కనుబొమ్మ. ముక్కు దగ్గర నీలం పెచ్చు ఊడి పడగానే పెరడంతా కేకలు. మౌసా తన ముక్కు తడుముకుని, ఇంత లావుందా అని ఒడియాలో గొణిగాడు. పక్కనున్న వాళ్ళావిడ ఇంకా ఎక్కువే అంది.

మా నాన్న పట్టు నేసేవాడు. బరంపురం పట్టు అంచులో గుడి గోపురాల్లా వరసగా పైకి లేచే కుంభం నేతలో ఆయన చెయ్యి తిరిగినవాడు. మామూలుగా నోరు విప్పని మనిషి. ఆ రోజు జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, నేలమీద పడ్డ నీలం పెచ్చు ఒకటి తీసి చూశాడు.

"ఒరే, ఇది ఆగమని చెప్పడానికే కదా? మేం పడుగు మీద చీర చీరకీ రంగు గుర్తు పెడతాం, అలాగన్నమాట."

అవును నాన్నా అన్నాను. అచ్చు మళ్ళీ పనికొస్తుందా అని అడిగాడు. రాదు, ఇది ఒక్కసారికే అన్నాను. ఇంత పనీ చేసి చివరికి పగలగొట్టేస్తారా అని మా సార్‌ని అడిగాడు, కాస్త కోపంగానే. సార్ ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి, ముక్కలుగా విప్పి మళ్ళీ మళ్ళీ వాడుకునే అచ్చు కూడా చూపించి, ఏది ఎందుకో చెప్పారు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు, సార్ ఒడియాలో, నాన్న సగం తెలుగులో. ఆ తర్వాత మా ఇంట్లో అన్నం ప్రశ్న మళ్ళీ రాలేదు. నాకు మార్కులు పెరిగి కాదు. ఇక్కడ జరిగేది పనేనని ఆయనకి నమ్మకం కుదిరింది, అంతే.

1999లో భువనేశ్వర్‌లో సంస్కృతి విశ్వవిద్యాలయం వచ్చింది. మనవాళ్ళ పట్టాల మీద యూనివర్సిటీ పేరు మారింది. ఉద్యోగరీత్యా నేను పెద్ద ఊళ్ళలో ఆర్ట్స్ యూనివర్సిటీల ఓపెన్ హౌస్‌లు కొన్ని చూశాను. తెల్లటి గోడలు, పైనుంచి లైట్లు, బొమ్మ పక్కన ఫోన్‌తో స్కాన్ చేసుకునే చతురస్రం. అడ్మిషన్ల కౌంటర్ దగ్గర మంచి కాఫీ కూడా. వర్క్‌షాపులకి మాత్రం తాళం. సేఫ్టీ అంటారు. యాసిడ్ తొట్టెలున్న గదికి తాళం వేస్తే నేనూ ఒప్పుకుంటాను. మట్టి పిసికే గదికెందుకు? చూసేవాడికి పూర్తయిన బొమ్మ ఒక్కటే చూపిస్తే బాగుంది అని వెళ్ళిపోతాడు, అంతకన్నా ఏమంటాడు పాపం. చేస్తున్నది చూపిస్తే తనకి తెలిసింది బయటికి తీస్తాడు. మేకుల మాటైనా, తొమ్మిదీ పదీ మాటైనా అలా వచ్చినవే.

పూర్వ విద్యార్థుల కలయిక కూడా ఈసారి శని, ఆదివారాల్లోనే పెడుతున్నారని కమిటీవాళ్ళు చెప్పారు. సన్మానాలూ శాలువాలూ శనివారం సాయంత్రానికే ముగించేయమని మనవి. శిల్పం చదివినవాళ్ళు శుక్రవారమే దిగి మట్టి తల సిద్ధం చేయాలి. మౌసా కొడుకు ఇప్పుడు అదే కొట్టు నడుపుతున్నాడు, మోడల్‌గా కూర్చోవడానికి ఒప్పించాను. ప్లాస్టర్, పీచు, నీలిమందు బరంపురం నుంచి నేను తెస్తాను. ఉలులు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి, కాలేజీవి మొద్దుబారినవే గానీ పిడులు ఊడిపోయాయట. తెలుగు బోర్డు రాసేశాను. టైము మార్చకండి.