ఆవకాయ ముక్కల చప్పుడు పాటైన రోజు

2010 మేలో మా పెద్దమ్మ కొడుకు డాలస్ నుంచి విజయవాడ వచ్చాడు, వస్తూ వస్తూ తను వాడేసిన ఐపాడ్ టచ్ నాకు పట్టుకొచ్చాడు. దానికి మైకు ఉన్న ఇయర్‌ఫోన్స్ తగిలించి "ఒరేయ్ ఇది చెవిలో పెట్టుకుని ఇల్లంతా ఓసారి తిరిగి రా, ఏం మాట్లాడకు" అన్నాడు. ఏదో పాట పెట్టాడేమో అనుకున్నా. పాట లేదు, ఏమీ లేదు. ఇంట్లో చప్పుళ్ళే వినిపిస్తున్నాయి, కాకపోతే కొంచెం దూరంగా, ఏదో గుళ్ళోంచి వస్తున్నట్టు.

ఆ రోజు మా పెరట్లో ఆవకాయకి ముక్కలు కొడుతున్నారు. కత్తి టెంక మీద పడగానే ధడ్ మంటుంది కదా, ఆ ధడ్ నా చెవిలో ఒక్కసారి కాదు నాలుగుసార్లు పడింది, ఒక్కోసారి కొంచెం సన్నగా, కొంచెం లోపలికి వెళ్ళిపోతూ. అవతల ఇంకో కాయ పడేలోపు ఇవన్నీ కలిసిపోయి ఎవరో మృదంగం మీద ప్రాక్టీస్ చేస్తున్నట్టు అయింది. వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే అది అలా సాగి సాగి తంబురా శ్రుతిలా నిలబడిపోయింది. అమ్మ "ఏరా చిన్నా, ఆ జాడీ తుడిచావా" అంటే "ఆఁ తుడిచా" అందామని నోరు తెరిచా, నా గొంతు నాకే అర సెకను ఆలస్యంగా వినపడేసరికి నత్తి వచ్చినట్టు "తు తుడి" దగ్గరే ఆగిపోయా. అన్నయ్య ఒకటే నవ్వు. (జాడీ తుడవలేదు, అది వేరే విషయం.)

అన్నయ్య ఆ ఐపాడ్‌లో పెట్టిన యాప్ పేరు ఆర్‌జేడీజే. లండన్‌లో రియాలిటీ జాకీ అనే చిన్న కంపెనీ 2008లో వదిలింది, మొదలుపెట్టింది మైఖేల్ బ్రైడెన్‌బ్రూకర్, అంతకుముందు లాస్ట్ ఎఫ్ఎం అనే ఇంటర్నెట్ రేడియో పెట్టినవాళ్ళలో ఒకడు. అందులో పాటలుండేవి కావు, సీన్లు ఉండేవి. సీన్ అంటే ఒక లెక్క అనుకోండి, మైకులోకి వచ్చిన చప్పుడుని ఎంత ఆలస్యం చేయాలి, ఏ శ్రుతికి లాగాలి, ఫోన్ ఊపితే ఏం జరగాలి అని ముందే రాసి పెట్టుకున్న లెక్క, దాంట్లోకి చప్పుడు పోయాల్సింది మనం. లోపల నడిచేది ప్యూర్ డేటా అని మిల్లర్ పకెట్ అనే ఆయన 1990ల్లో రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్, కోడ్ టైప్ చేయకుండా డబ్బాలు పెట్టి వాటి మధ్య వైర్లు కలిపినట్టు గీతలు గీస్తే చాలు. అంత పనీ ఆ బుల్లి ఐపాడ్ అప్పటికప్పుడు చేసేది కాబట్టి బ్యాటరీ మాత్రం మంచినీళ్ళలా తాగేసేది.

వాళ్ళే 2010 డిసెంబర్‌లో ఇన్సెప్షన్ సినిమాకి ఒక యాప్ చేశారు, సంగీతం హాన్స్ జిమ్మర్‌ది. అందులో ఒక్కో పరిస్థితికి ఒక్కో "కల" తెరుచుకునేది, కదలకుండా కూర్చుంటే ఒకటి, ప్రయాణంలో ఒకటి, ఎండకాస్తే ఒకటి, పున్నమికి ఒకటి. ఒకటైతే ఆఫ్రికాలో ఉంటేనే తెరుచుకునేది! దానికోసం టికెట్ కొనుక్కుని ఎవడెళ్ళాడో గానీ ఐడియా మాత్రం నాకు భలే నచ్చింది. 2011లో బ్లూబ్రెయిన్ అని ఇద్దరు అన్నదమ్ములు వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ అనే పెద్ద పార్కు కోసం ఒక ఆల్బమ్ యాప్ చేశారు, జీపీఎస్ చూసి మీరు ఎటు నడిస్తే అటు పాట మారేది, అక్కడికి వెళ్తే తప్ప వినపడేది కాదు.

కొన్నేళ్ళకి ఆర్‌జేడీజే స్టోర్‌లోంచి పోయింది, నా ఐపాడ్ కూడా పోయింది, అందులో రికార్డ్ చేసి దాచుకున్న ఆవకాయ మృదంగమూ పోయింది.

ఇప్పుడు ఇలాంటి యాప్స్ అంటే అందరూ చెప్పేది ఎండెల్, బెర్లిన్ వాళ్ళది. టైమెంత, బయట వాతావరణం ఎలా ఉంది, గుండె ఎంత కొట్టుకుంటోంది, నడుస్తున్నామా కూర్చున్నామా ఇవి చూసి సౌండ్ తయారుచేస్తుంది. బాలేదని అనను, ఆఫీస్ పని ఉన్నప్పుడు నేనూ పెట్టుకుంటా. టైమును బట్టి సంగీతం మనకి కొత్త కూడా కాదు, పొద్దున్నే భూపాలం, నిద్రపుచ్చడానికి నీలాంబరి, పొద్దున రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగినవాళ్ళమే. నా పేచీ ఎక్కడంటే, దానికి వాన పడుతోందన్న సంగతి తెలుసు గానీ వాన చప్పుడు అక్కర్లేదు. చుట్టూ ఏముందో కనుక్కుంటుంది, కనుక్కుని దాని మీద మెత్తటి దుప్పటి కప్పేస్తుంది. ఆర్‌జేడీజే ఆ దుప్పటి లాగేసేది. రెండిటినీ ఒకే గాటన కట్టేసి "పరిసరాలకి స్పందించే సంగీతం" అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పైగా 2019లో వార్నర్ మ్యూజిక్ అనే పెద్ద పాటల కంపెనీతో ఎండెల్ ఇరవై ఆల్బమ్‌లకి ఒప్పందం చేసుకుంది, మారుతూ ఉండటమే దాని గొప్ప అయితే దాన్ని ఆల్బమ్‌లో గడ్డకట్టించడం ఏంటో, ఐస్‌క్రీమ్ కరిగిపోకుండా ఫోటో తీసుకున్నట్టుంది.

సరే ఎవరినో తిట్టుకోవడం ఎందుకు, ప్యూర్ డేటా ఇప్పటికీ ఫ్రీయే కదా అని పోయిన నెల ఒక ఆదివారం లాప్‌టాప్‌లో వేసుకున్నా. మైకుకి ఒక డబ్బా, చప్పుడు రాసి పెట్టుకునేది ఒకటి, కాసేపాగి తిరిగి చదివేది ఒకటి, స్పీకర్‌కి ఒకటి, మొత్తం నాలుగు డబ్బాలు, మధ్యలో గీతలు. ఆలస్యం 400 మిల్లీసెకన్లు పెట్టి, వచ్చిన చప్పుడుని ఇంకో డబ్బాతో కొంచెం తగ్గించి మళ్ళీ మొదటికి పంపించా. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం మర్చిపోయా. స్పీకర్‌లోంచి వచ్చింది మళ్ళీ మైకులోకి, మైకులోంచి మళ్ళీ స్పీకర్‌లోకి, పెళ్ళిపందిట్లో మైకు కుయ్యిమన్నట్టు ఒక్కటే కేక, నిద్రపోతున్న పిల్లది లేచి ఏడుపు, ఆ ఏడుపు కూడా నాలుగుసార్లు.

తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బాల్కనీలో కూర్చున్నా. మా మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో బోరు మోటరు ఒక శ్రుతి పట్టుకుని ఆపదు, దాని మీద పక్కింటి మిక్సీ ఎక్కింది, కింద పిల్లల టెన్నిస్ బంతి గోడకి తగిలి టక్, టక్, టక్ అని చిన్నబోతూ పోతోంది. పర్వాలేదు, బానే ఉంది, కానీ ఆ ధడ్ లేదు. అమ్మకి ఫోన్ చేసి ఈసారి ముక్కలు ఎప్పుడు కొట్టిస్తున్నారు అనడిగితే "ఇంట్లో ఎవరు కొడుతున్నార్రా ఇప్పుడు, రైతుబజార్‌లో కాయలు కొన్నచోటే కొట్టించి తెచ్చేసుకుంటున్నాం" అంది.

మేలో వెళ్ళి ఆ ముక్కలు కొట్టేవాళ్ళ పక్కన లాప్‌టాప్ పట్టుకుని నిలబడతా అని మా ఆవిడతో చెప్పా. "నిలబడండి, వచ్చేటప్పుడు సంచీ కూడా మీరే మొయ్యండి" అంది.